నాలుగు భాషల్లో నాలుగు ముక్కలు: కొన్నేళ్లుగా అంకి కార్డులు తిప్పుతున్నాక నా రివ్యూ

మా ఫ్లోర్ మీదకి కెమెరా ఫోన్ తీసుకెళ్లనివ్వరు. గేటు దగ్గరే లాకర్లో పెట్టాలి. "గూగుల్ ట్రాన్స్‌లేట్ ఉందిగా, ఈ మాటలన్నీ బట్టీ కొట్టడం దేనికి?" అని అడిగేవాళ్లకి ముందు ఈ సంగతి చెప్తాను. నాకు పరాయి భాష అవసరం పడేది సరిగ్గా ఫోన్ లాకర్లో ఉన్నప్పుడే. నాది స్టోర్స్‌లో పని. మొదట శ్రీసిటీలో ఒక జపాన్ కంపెనీలో చేశాను, ఇప్పుడు పెనుకొండ వైపు ఒక కొరియన్ సప్లయర్ దగ్గర. మీటింగుల్లో ఇంగ్లీషు ఉంటుంది, ట్రాన్స్‌లేటర్ ఉంటాడు. రాక్ ముందు నిలబడి "ఇవి కాదు, అవి. మూడు కాదు, ఐదు" అనే ఇంజనీరు పక్కన మాత్రం ఎవరూ ఉండరు.

అంకి పేరు విననివాళ్ల కోసం కాస్త చెప్తాను. డేమియన్ ఎల్మ్స్ అనే ప్రోగ్రామర్ 2006లో మొదలుపెట్టిన ఫ్లాష్ కార్డుల సాఫ్ట్‌వేర్ ఇది. కార్డుకి ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు. జవాబు చూశాక 'ఎగైన్', 'హార్డ్', 'గుడ్', 'ఈజీ' అనే నాలుగు బటన్లలో ఒకటి నొక్కాలి. బాగా వచ్చిన కార్డు కొన్ని రోజులాగి, తర్వాత కొన్ని వారాలాగి, ఆపైన నెలలాగి కనబడుతుంది. రానిది వెంటనే తిరిగొస్తుంది. నేర్చుకున్నది ఎంత త్వరగా జారిపోతుందో జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ తన మీద తనే ప్రయోగం చేసుకుని 1885లో పుస్తకం వేశాడు. జారిపోయే వేళకి కొంచెం ముందు గుర్తుచేయడమే ఇక్కడున్న కిటుకంతా. ఏ కార్డు మళ్లీ ఎప్పుడు చూపాలో తేల్చే ఎఫ్ఎస్ఆర్ఎస్ అనే కొత్త లెక్క కూడా 2023లో ఇందులో వచ్చింది. సెట్టింగ్స్‌లో అది ఆన్ చేసుకున్నాక నాకు రోజూ వచ్చే కార్డులు తగ్గాయి, గుర్తుండటం మాత్రం తగ్గలేదు. కంప్యూటర్లో, ఆండ్రాయిడ్‌లో పూర్తిగా ఉచితం. ఐఫోన్ యాప్‌కి ఒకసారి డబ్బు కట్టాలి.

చూడటానికి ముచ్చటగా ఏమీ ఉండదు. చప్పట్లు లేవు, బొమ్మలు లేవు, పాయింట్లు లేవు. నాకది నచ్చింది. దీనికి ముందు వాడిన ఒక యాప్‌లో (పేరు వద్దులెండి) మూడు పూటలా గంట మోగేది. రోజూ తప్పకుండా చేస్తున్న వరస తెగిపోతుందని రాత్రి పదకొండున్నరకి టెన్షన్‌తో లేచి కూర్చుని పిల్లి పాలు తాగుతోందని జపనీస్‌లో రాయడం. మా స్టోర్స్‌లో పిల్లి లేదు.

అసలు విషయానికొస్తే, ఇన్నేళ్ల వాడకంలో నాకు పనికొచ్చినవి నేను చేసుకున్న కార్డులు మాత్రమే. రెడీమేడ్ డెక్కులు, అంటే కార్డుల కట్టలు, బోలెడు దొరుకుతాయి, 'అత్యవసరమైన వెయ్యి మాటలు' లాంటివి. దించుకున్నవాటిలో చాలావరకు తీసేశాను. అవి మనం ఏం అనాలో నేర్పుతాయి, అవతలివాళ్లు ఏం అంటారో నేర్పవు. "ఇది ఎంత?" అని కొరియన్‌లో అడగడం ఐదు నిమిషాల పని: "ఇగొ ఒల్మయెయో?" అడిగాక అవతలి మనిషి గబగబా ఒక అంకె చెప్తాడు. అక్కడ ఆగిపోతాం. అందుకే నా కార్డుల్లో ముందువైపు అక్షరం ఉండదు, గొంతు మాత్రమే ఉంటుంది. విని, వెనకవైపు తెలుగు అర్థం చూసుకోవాలి. పైకి అనడం ఆ తర్వాత. విన్నది అందితే సగం సంభాషణ తల ఊపడంతో, వేలు చూపడంతో గడిచిపోతుంది.

గొంతు ఎక్కడి నుంచి? ఫోర్వో అనే సైటులో ఆ భాష పుట్టుకతో వచ్చినవాళ్లు మాటలు చదివి పెడతారు, అవి బాగుంటాయి. అంతకన్నా బాగుండేది, క్యాంటీన్ బయట కొరియన్ సహోద్యోగిని అడిగి రికార్డు చేసుకున్నది. వాళ్లు ఇష్టంగానే చెప్తారు, పైగా మనం తిరిగి పలికితే నవ్వుకుంటారు. కంప్యూటర్ గొంతు ఆఖరి దిక్కు.

ఇక అంకెలు. బేసిక్ మాటలంటే అందరూ నమస్కారం, థాంక్స్ అంటారు గానీ, ఫ్యాక్టరీలోనైనా బజార్లోనైనా ముందు కావలసింది అంకెలే, అన్నిటికన్నా కష్టమైనవీ అవే. కొరియన్‌లో రెండు వరసలున్నాయి. వస్తువులు లెక్కపెట్టడానికి, గంటలు చెప్పడానికి హన, దుల్, సెత్. డబ్బుకి, నిమిషాలకి, ఫోన్ నంబర్‌కి చైనా నుంచి వచ్చిన ఇల్, ఇ, సమ్. మూడున్నర అని చెప్పాలంటే "సె శి సమ్‌శిప్ బున్": గంటకి ఒక మూడు, నిమిషాలకి ఇంకో మూడు. జపనీస్‌లో వస్తువు ఆకారాన్ని బట్టి తోక మారుతుంది. పొడవుగా ఉండే రాడ్లయితే ఇప్పొన్, నిహొన్, సంబొన్. పల్చని షీట్లయితే ఇచిమాయ్, నిమాయ్, సమ్మాయ్. వినగానే కళ్లు తిరుగుతాయి కానీ మనకి ఇది మరీ కొత్త కాదు. మూడు పెట్టెలు, ముగ్గురు మనుషులు అని మనమూ వేరుచేస్తాం. ఒకటి, రెండు అని వరసగా నేర్చుకుంటే లాభం లేదు. "నీలం పెట్టెలు ఏడు", "రెండు గంటల ఇరవై", "షీట్లు పది" అని నిజంగా ఫ్లోర్ మీద వినబడే ముక్కలకే కార్డులు చేశాను. స్టోర్స్‌లో అవి నాకు ఇంగ్లీషు సర్టిఫికెట్ కన్నా ఎక్కువ పనిచేశాయి.

తెలుగువాళ్లకి ఇందులో ఒక పెద్ద సౌకర్యం ఉంది, అది ఇంగ్లీషులో రాసిన పుస్తకాల్లో ఎక్కడా దొరకదు. వెనకవైపు ఉచ్చారణని రోమన్ అక్షరాల్లో కాకుండా తెలుగులో రాసుకోండి. జపనీస్‌కి మన లిపి కొలతకి కుట్టిన చొక్కాలా సరిపోతుంది. ఒబసన్ అంటే అత్త వరస, ఒబాసన్ అంటే అమ్మమ్మ వరస, తేడా ఒక్క దీర్ఘం. కితె అంటే 'రా', కిత్తె అంటే తపాలా బిళ్ల, తేడా ఒక్క ఒత్తు. మన సున్న ప ముందు మ్ అయ్యి, త ముందు న్ అయినట్టే వాళ్ల 'న్' కూడా మారుతుంది. ఇవి నేర్పడానికి ఇంగ్లీషు పుస్తకం పేజీలు పేజీలు రాస్తుంది. మనకి చూడగానే నోట్లోకి వచ్చేస్తాయి. వాక్యం కూడా మనలాగే నడుస్తుంది: కర్త, కర్మ, చివర్లో క్రియ. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకి భాషలు నేర్పే లెక్కలో జపనీస్, కొరియన్, అరబిక్‌లకి 2,200 క్లాసు గంటలు వేసింది, అదే స్పానిష్‌కైతే దానిలో దాదాపు మూడో వంతే. ఆ లెక్క ఇంగ్లీషు మాట్లాడేవాళ్లది. దాన్ని చూసి మనం బెదిరిపోనక్కర్లేదు.

కొరియన్‌కి తెలుగు లిపి అంత చక్కగా కుదరదు. వాళ్లకి మూడు రకాల 'త'లు ఉన్నాయి. ఒకటి మన త, ఇంకొకటి మన థకి దగ్గర, మూడోది ద-త మధ్య ఎక్కడో ఉంటుంది. అందుకని కొరియన్‌కి వాళ్ల లిపే నేర్చుకోండి. సెజోంగ్ రాజు 1446లో చదువురానివాళ్ల కోసమే ప్రకటించిన లిపి అది, అక్షరాల ఆకారంలోనే నాలుక ఎక్కడ పెట్టాలో చెప్పేసి ఉంటుంది. ఒక వారాంతం కూర్చుంటే వస్తుంది. జపాన్ లిపుల జోలికి నేను పోలేదు, పార్టు నంబర్లు ఎలాగూ ఇంగ్లీషులోనే ఉంటాయి.

పద్ధతులు కూడా వింటూంటేనే తెలుస్తాయి. కొరియన్‌లో మాట చివర 'యో' తగిలిస్తే మన 'అండి' లాంటిదే, వదిలేస్తే 'రా' అన్నంత పని. మధ్యాహ్నం ఎదురైతే "సిక్సా హష్యొస్సొయో?" అంటారు, భోజనం చేశారా అని. నేర్చుకున్న మాటలన్నిటిలో ఎక్కువ వాడింది ఇదే అనుకుంటాను. జపాన్ కంపెనీలో షిఫ్టు దిగేటప్పుడు "ఒత్సుకరెసమా దెస్" అనకుండా బయటికి వస్తే ఏదో వెలితిగా ఉండేది.

అరబిక్ డెక్కు నాకోసం చేసింది కాదు. మా బామ్మర్ది కువైట్‌కి డ్రైవర్‌గా వెళ్తుంటే చేసిచ్చాను. రాయచోటి, రాజంపేట వైపు ఇంటికొకరు అక్కడే ఉంటారు కాబట్టి చెప్పేవాళ్లకి కొదవలేదు. ఇక్కడే రెడీమేడ్ డెక్కు పూర్తిగా చేతులెత్తేసింది. అందులో ఉండేది పుస్తకాల అరబిక్, న్యూస్ చదివేవాళ్లు మాట్లాడేది. రేపు అనడానికి 'గదన్' అని నేర్పుతుంది, కువైట్ ఇంట్లో వినబడేది 'బాచిర్'. నీకేం కావాలి అనడానికి 'మాదా తురీద్' అని నేర్పుతుంది, అక్కడ అడిగేది 'ష్తబీ'. అందుకని ఇరవై ఏళ్లు అక్కడే ఉండి వచ్చిన ఒక పెద్దాయన్ని కూర్చోబెట్టి డ్రైవర్‌కి కావలసినవి చెప్పించుకున్నాం. యమీన్ కుడి, యసార్ ఎడమ, తిన్నగా వెళ్లడానికి సీదా. ఆ సీదా మన హిందీదే, గల్ఫ్‌కి వెళ్లి అక్కడి మాట అయిపోయింది. అటు నుంచి ఇటు వచ్చినవి ఇంకా ఎక్కువ: కుర్చీ, ఖాళీ, జవాబు, తారీఖు. ఇవి అరబిక్‌లో కాస్త అటూ ఇటూగా అలాగే ఉంటాయి, వాటికి కార్డు అవసరమే లేదు. గొంతు లోపలి నుంచి వచ్చే రెండు మూడు ధ్వనులు మాత్రం తెలుగులో రాయడం కుదరదు, వాటికి ఆడియోనే దిక్కు. అంకెలు చెప్పేటప్పుడు ఇరవై ఐదుని 'ఐదు, ఇరవై' అని తిప్పి చెప్తారు. ఇంటి నంబర్ విని వెళ్లాల్సినవాడికి అది ముఖ్యం కాబట్టి ఆ కార్డులు ఎక్కువ పెట్టాం.

నాలుగోది వియత్నామీస్. ఇంటిల్లిపాదీ హనోయ్ వెళ్దామనుకున్నప్పుడు మొదలుపెట్టాను. ఇక్కడ ఈ పద్ధతి సగమే పనిచేసింది. ఉత్తర వియత్నాం పలుకుబడిలో ఆరు స్వరాలున్నాయి, 'మ' అన్న ఒక్క ముక్కే ఎత్తి అంటే ఒకటి, దించి అంటే మరొకటి. మన లిపికి దాన్ని పట్టే గుర్తు లేదు, నా నోటికీ అలవాటు లేదు. నేను చెప్పింది వాళ్లకి అర్థమైన సందర్భాలు తక్కువే. వినడం మాత్రం కుదిరింది. ధర చెప్పేటప్పుడు వెనక మూడు సున్నాలు చాలామంది మింగేస్తారు, యాభై వేల డాంగ్‌ని యాభై అంటారు. అది తెలిసి ఉంటే బజార్లో కంగారు పడనక్కర్లేదు. పిలుపులు కూడా మనకి సులువు: పెద్దావిడైతే అక్క వరస పెట్టి 'చి ఓయ్', కుర్రాడైతే తమ్ముడి వరస పెట్టి 'ఎమ్ ఓయ్'. హోటల్లో "ఎక్స్‌క్యూజ్‌మీ" అనే టూరిస్టుల మధ్య ఇలా పిలిస్తే చటుక్కున వస్తారు. మెనూ చదవడానికైతే ఫోన్ కెమెరాయే చాలు, దానికోసం కార్డులు చేసుకోవడం దండగ.

ఇబ్బందులు లేకపోలేదు. పండక్కి ఊరెళ్లి నాలుగు రోజులు ముట్టకపోతే కార్డులు గుట్టగా పేరుకుంటాయి, అది చూసి చాలామంది అక్కడితో మానేస్తారు. మొదట్లో యాప్ రోజుకి ఇరవై కొత్త కార్డులు ఇస్తుంది. డ్యూటీ చేసుకునేవాడికి అది చాలా ఎక్కువ, ఐదుకి తగ్గించండి. ఇంకోటి, రెండు భాషలు ఒకే కాలంలో నడిపితే కలగలిసిపోతాయి. జపనీస్, కొరియన్ రెండూ చైనా నుంచి బోలెడు మాటలు తెచ్చుకున్నాయి. సన్నాహానికి రెండింట్లోనూ 'జున్‌బి'యే. టైముకి ఒకచోట జికన్, మరోచోట శిగన్. గుర్తుపెట్టుకోవడానికి ఈ పోలిక సాయం చేస్తుంది, పైకి అనేటప్పుడు ఏ భాషదో తేలక నోరు తడబడుతుంది. ఒకదాన్ని బస్సులో వెళ్లేటప్పుడు, రెండోదాన్ని రాత్రి తిప్పడం మొదలుపెట్టాక కొంత నయం.

ఇంకా ముఖ్యమైనది, దీనితో భాష రాదు. రెండేసి మూడేసి వందల మాటలు వస్తాయి, వాటి చుట్టూ అల్లుకునే ముక్కలు వస్తాయి. సినిమా చూడటానికో, సర్టిఫికెట్ పరీక్ష పాసవ్వడానికో అయితే క్లాసులో చేరండి. కంపెనీ ఉద్యోగులు, గల్ఫ్‌కి వెళ్లేవాళ్లు, యాత్రికులతో పనిపడే డ్రైవర్లు, హోటల్ కుర్రాళ్లు అయితే కళ్లు మూసుకుని దీన్ని మొదలుపెట్టొచ్చు. మొదటి డెక్కుకి ఓ యాభై కార్డులు చాలు: సగం అంకెలు, మిగతావి మీకు రోజూ ఎదురయ్యే ప్రశ్నలు. వాటిని ఆ ఊరి మనిషి చేతే చెప్పించుకోండి.

నా మటుకు కొరియన్ ఇప్పటికీ రోజూ నడుస్తోంది. జపనీస్ కార్డులు నెలకో రెండు నెలలకో ఒకసారి తొంగిచూస్తాయి, చాలావరకు గుర్తే ఉంటున్నాయి. అరబిక్ డెక్కు బామ్మర్ది ఫోన్లోకి వెళ్లిపోయింది, వాడే కొత్తవి చేర్చుకుంటున్నాడు. వియత్నామీస్‌ని సస్పెండ్‌లో పెట్టాను, మళ్లీ టికెట్లు బుక్ చేస్తే అప్పుడు తీస్తాను.