ఇంటి చాకిరీ ఆమెదే ఎందుకు? మూడు సిద్ధాంతాల్లో ఏది మేలు?

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలోనూ సాయంత్రం వంటగదిలోకి నడిచేది ఎక్కువగా భార్యే. ఎందుకని? సమాజశాస్త్రం మూడు జవాబులు చెబుతుంది. పరీక్షలో మూడూ రాస్తే మార్కులొస్తాయి గానీ, మూడింటికీ ఒకే విలువ ఉందని నేననుకోను.

మొదటిది ప్రకార్యవాదం, అంటే సమాజంలోని ప్రతి ఏర్పాటూ ఆ సమాజం నడవడానికి ఏదో ఒక పనికొస్తుందనే వాదం. సంసారం సాఫీగా సాగాలంటే ఒకరు సంపాదన చూసుకోవాలి, ఇంకొకరు ఇంటిల్లిపాది మనసులూ కనిపెట్టుకుని ఉండాలి అని అమెరికా సమాజశాస్త్రవేత్తలు టాల్కట్ పార్సన్స్, రాబర్ట్ బేల్స్ 1955లో వాదించారు. అప్పటి అమెరికా మధ్యతరగతి ఇంటికి ఇది సరిపోయింది. పొట్టకూటికి పనిచేసే ఆడవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఈ లెక్కలోకే రాలేదు. ఇక లైంగికత విషయానికొస్తే, పెళ్లి, పిల్లలు దాటిన ప్రతిదీ దీనికి కట్టుబాటు తప్పడమే. అక్కడ దీన్ని పక్కన పెట్టేయొచ్చు.

రెండోది సంఘర్షణ సిద్ధాంతం. ఇది సూటిగా అడుగుతుంది: ఈ ఏర్పాటుతో లాభం ఎవరికి? ఆస్తి తన సొంత బిడ్డలకే దక్కాలన్న మగవాడి పట్టుదలే స్త్రీని కాపలాలో పెట్టిందని మార్క్స్ సహచరుడు ఎంగెల్స్ 1884లో రాశాడు. ఆయన నమ్ముకున్న ఆదిమ సమాజాల కథనం తర్వాత నిలవలేదు. ప్రశ్న నిలిచింది. ఆఫీసు నుంచి వచ్చిన ఆడవాళ్లకు ఇంట్లో జీతం లేని రెండో షిఫ్టు మొదలవుతుందని 1989లో సమాజశాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ చూపించింది. అయితే లాభనష్టాలే అసలు సంగతైతే, భార్య జీతం పెరిగేకొద్దీ గరిటె చేతులు మారాలి. చాలా ఇళ్లలో మారదు.

ఆ ముడి విప్పేది మూడోది, మనుషుల మధ్య రోజూ జరిగే వ్యవహారాన్ని చూసే అంతఃక్రియావాదం. జెండర్, అంటే ఆడతనం, మగతనం అనేది మనలో ఉండే గుణం కాదు, నలుగురి ముందూ చేస్తూ పోయే పని అని సమాజశాస్త్రవేత్తలు కాండస్ వెస్ట్, డాన్ జిమ్మర్‌మన్ 1987లో అన్నారు. చెయ్యకపోతే సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఇల్లు చిందరవందరగా ఉంటే వచ్చిన చుట్టాలు ఎవరి వంక చూస్తారు? ఆయన జీతం తక్కువైనా సరే, ఆ చూపు ఆమె మీదే.

లైంగికతలో దీని బలం ఇంకా ఎక్కువ. ఎవరిని, ఎప్పుడు, ఎలా కోరుకోవాలో కూడా సమాజంలోనే నేర్చుకుంటామని 1973లో సమాజశాస్త్రవేత్తలు గాగ్నన్, సైమన్ వాదించారు. అదే ఏడాది అమెరికా మనోవైద్యుల సంఘం స్వలింగ సంపర్కాన్ని జబ్బుల జాబితా నుంచి తీసేయాలని నిర్ణయించింది. ఆ మనుషుల ప్రవర్తన ఒక్క రోజులో ఏమీ మారలేదు, వాళ్లకు తగిలించిన ముద్ర మారింది. ముద్రకు అంత శక్తి ఎలా వస్తుందో ఈ సిద్ధాంతం చెప్పినట్టు మిగతా రెండూ చెప్పలేవు.

దీని లోపం జేబు దగ్గర బయటపడుతుంది. సమాన వేతనం, ప్రసూతి సెలవు, ఆస్తి హక్కు లాంటివి చుట్టాల చూపులు మారినంత మాత్రాన రావు. చట్టం గురించి ఆలోచించేవాళ్లు రెండోదానితోనే మొదలుపెట్టాలి. ఇంట్లో, పడగ్గదిలో, అద్దం ముందు ఏం జరుగుతోందో తెలియాలంటే నేను మూడోదే ఎంచుకుంటాను.