అరబిక్ చదవడం, రాయడం నేర్పే సాధనాలు: కొన్నేళ్ళ వాడకం తర్వాత సమీక్ష

అరబిక్ చదవడం, రాయడం సొంతంగా మొదలుపెట్టేవారి చేతికి వచ్చే సాధనాలు ముఖ్యంగా నాలుగు: అక్షరాలు నేర్పే అచ్చు వాచకం, ఫోన్‌లో నడిచే యాప్, చేతిరాత అభ్యాసానికి ఒక నోటుపుస్తకం, కొంత దూరం వెళ్ళాక అవసరమయ్యే నిఘంటువు. వీటన్నిటినీ నేను కొన్నేళ్ళుగా వాడుతున్నాను. యాప్‌లలో రెండు మూడు మారాయి, వాచకాలూ మారాయి, నోటుపుస్తకం మాత్రం మొదటినుంచీ నాతోనే ఉంది. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ లిపిని కంటికి పట్టించేది చేతిరాతే. చాలామంది దాన్ని చివరికి వాయిదా వేస్తారు, కొందరు అసలు వదిలేస్తారు. చదవడం మాత్రమే చాలు అనుకునేవారు కూడా రాతతోనే మొదలుపెట్టాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అరబిక్ అక్షరమాలలో ఉన్నవి 28 అక్షరాలే. యాభైకి పైగా అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు నేర్చిన తెలుగువారికి ఇది చిన్న సంఖ్యగానే తోస్తుంది. అయితే కష్టం సంఖ్యలో లేదు, కలయికలో ఉంది. అచ్చులోనూ చేతిరాతలోనూ అక్షరాలు కుడినుంచి ఎడమకు కలిసిపోతూ సాగుతాయి. విడిగా ఉన్నప్పుడు, పదం మొదట్లో, మధ్యలో, చివర్లో ఒకే అక్షరం వేర్వేరు రూపాలు తీసుకుంటుంది. అలిఫ్, దాల్, జాల్, రా, జాయ్, వావ్ అనే ఆరు మాత్రం తమ ఎడమవైపు అక్షరంతో కలవవు కాబట్టి, ఒకే పదం మధ్యలో విరిగినట్టు కనిపిస్తుంది. కొత్తగా చదివేవారు ఆ ఖాళీని చూసి పదం అక్కడితో అయిపోయిందనుకుంటారు. అక్షరాలను పట్టికలో విడివిడిగా చూపించి, వాటి పేర్లు కంఠస్థం చేయించి వదిలేసే వాచకం ఎంత అందంగా అచ్చయినా పనికిరాదు. మొదటి పాఠంలోనే రెండు మూడు అక్షరాలను కలిపి పదం చేయించే వాచకాన్నే ఎంచుకోవాలి.

ఇల్లు అనే అర్థం ఉన్న బైత్ అనే చిన్న పదాన్ని తీసుకుందాం. ఇందులో బా, యా, తా అనే మూడు అక్షరాలున్నాయి. మొదటి రెండూ పదంలో చిన్న పంటి గాట్లలా మాత్రమే కనిపిస్తాయి, చివరి తా అడుగు వంగిన పళ్ళెంలా ముగుస్తుంది. రాసేటప్పుడు పెన్ను ఎత్తకుండా ముందు ఈ గీతంతా పూర్తి చేసి, ఆ తర్వాత వెనక్కి వచ్చి కుడినుంచి చుక్కలు పెట్టాలి: మొదటి గాటు కింద ఒకటి, రెండో గాటు కింద రెండు, పళ్ళెం మీద రెండు. ఇప్పుడు గీతను అలాగే ఉంచి రెండో గాటు చుక్కలను మార్చి, కింద రెండింటికి బదులు పైన ఒకటి పెడితే అది బిన్త్ అవుతుంది, అంటే అమ్మాయి. మొదటి గాటు పైన ఒకటి, రెండో గాటు కింద ఒకటి పెడితే మొక్కలు అనే అర్థంలో నబ్త్ అవుతుంది. మూడు పదాలకూ అస్థిపంజరం ఒక్కటే. చుక్క అలంకారం కాదని, అక్షరంలో సగభాగమని చేత్తో రాసినప్పుడే మనసులో నాటుకుంటుంది. ఈ మూడు పదాలనూ ఒకే వరుసలో పదేపదే రాసినవారు తర్వాత చిన్న అచ్చులో కూడా చుక్కలను తడబడకుండా చూడగలుగుతారు.

యాప్‌లలో నాకు నచ్చిన అంశం ధ్వని. ఐన్ అనే అక్షరం గొంతు లోపలినుంచి ఎలా వస్తుందో, రెండు రకాల హకారాలకు తేడా ఏమిటో ఏ పుస్తకమూ రాసి చెప్పలేదు. చెవితో వినాలి, మళ్ళీ మళ్ళీ వినాలి, వెంటనే పలకాలి. ఆ పని యాప్ బాగా చేస్తుంది. రాత విషయంలో మాత్రం అది లోటుగానే మిగిలింది. తెర మీద వేలితో గీత దిద్దించడం వల్ల ఆకారం పరిచయమవుతుందే తప్ప, కాగితం మీద అక్షరాల మధ్య ఉండవలసిన ఎత్తుపల్లాలు అలవడవు. టైపు చేయడం వల్ల మరీ తక్కువ మేలు. కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒకే కోడ్ ఉంటుంది, పదంలో దాని స్థానాన్ని బట్టి తగిన రూపాన్ని ఫాంటే చూపిస్తుంది. ఆ పని యంత్రం చేసిపెడుతున్నంతకాలం మన చేయి దాన్ని నేర్చుకోదు. టైపింగ్ అవసరమే, కానీ అది రాయడం వచ్చిన తర్వాత నేర్వవలసిన విద్య.

నోటుపుస్తకం గురించి రెండు మాటలు. గీతల మధ్య ఎడం ఎక్కువగా ఉన్నది కావాలి, ఎందుకంటే రా, వావ్, మీమ్, నూన్ వంటి అక్షరాల తోకలు గీత కిందికి దిగుతాయి, అలిఫ్, లామ్ పైకి నిలబడతాయి. కుడిచేత్తో రాసేవారికి చేయి రాసిన భాగం మీదుగానే జరుగుతుంది కాబట్టి, త్వరగా ఆరే సిరా వాడి, చేతిని గీతకు కొంచెం దిగువన ఉంచుకోవడం మంచిది. నగిషీ రాత నేర్పే కలం మొదట్లో కొననవసరం లేదు. అయినా నగిషీకారుల ఒక పద్ధతి అందరికీ ఉపయోగపడుతుంది: వారు కలం మొనతో పెట్టిన చుక్కనే కొలతగా తీసుకుని అలిఫ్ ఎత్తును, తోకల వెడల్పును నిర్ణయిస్తారు. పదో శతాబ్దంలో బాగ్దాదులో వజీరుగా పనిచేసిన ఇబ్న్ ముక్లా పేరుతో ముడిపడిన పద్ధతి ఇది. మామూలు పెన్నుతో రాసినా ఈ నిష్పత్తి మనసులో ఉంటే దస్తూరి నిలకడగా వస్తుంది.

వాచకాలన్నీ నస్ఖ్ శైలిలో అచ్చవుతాయి, మొదట అదే నేర్చుకోవాలి. ఈజిప్టులో, సిరియాలో, ఇంకా ఆ చుట్టుపక్కల దేశాలలో జనం చేత్తో త్వరగా రాసేది ఎక్కువగా రుక్ఆ శైలి. అందులో రెండు చుక్కలు కలిసి చిన్న అడ్డగీతగా, మూడు చుక్కలు చిన్న గోపురంలా మారతాయి, సీన్ అక్షరం పళ్ళు అరిగిపోయి ఒక సాఫీ గీతగా మిగులుతాయి. నేను వాడిన వాచకాలలో చాలా వాటిలో దీని ప్రస్తావనే లేదు, అది పెద్ద లోపం. అచ్చు పుస్తకం ధారాళంగా చదివే మనిషి చేత్తో రాసిన చిన్న చీటీ ముందు ఆగిపోవడానికి కారణం ఇదే.

ఇక అచ్చుల, అంటే స్వరాల సంగతి. తెలుగులో తలకట్టు, గుడి, కొమ్ము రాయకుండా వదిలేసే అవకాశమే లేదు. అరబిక్‌లో దీర్ఘాలకు అలిఫ్, వావ్, యా అక్షరాలుగానే ఉంటాయి గానీ, హ్రస్వాలను సూచించే ఫత్హా, కస్రా, దమ్మా గుర్తులు ఖురాన్‌లోనూ, పిల్లల పుస్తకాలలోనూ, కొన్ని కవితా సంపుటాలలోనూ తప్ప సాధారణంగా అచ్చు కావు. ఇవి మొదటినుంచీ ఉన్నవి కూడా కావు. ఏడో శతాబ్దంలో అబుల్ అస్వద్ అద్దుఅలీ అనే వ్యాకరణవేత్త రంగు చుక్కలతో అచ్చులను సూచించాడని సంప్రదాయం చెబుతుంది. నేటి గుర్తులకు మూలరూపం ఎనిమిదో శతాబ్దానికి చెందిన భాషావేత్త అల్ ఖలీల్ ఇబ్న్ అహ్మద్‌దని అంటారు. గుర్తులు లేకుండా ఐన్, లామ్, మీమ్ అని మూడు అక్షరాలు కనిపిస్తే అది ఇల్మ్ కావచ్చు, అంటే విద్య. అలమ్ కావచ్చు, అంటే జెండా. అలిమ, అంటే అతను తెలుసుకున్నాడు. అల్లమ, అంటే అతను నేర్పాడు. ఏది సరైనదో వాక్యమే చెప్పాలి. కాబట్టి ఒక వాచకం మంచిదో కాదో తేల్చడానికి నేను చూసేది, అది ఈ గుర్తులను ఎలా ఉపసంహరిస్తుందన్నదే. మంచి వాచకం కొత్త పదానికి అన్ని గుర్తులూ ఇస్తుంది, అదే పదం మూడు నాలుగు పాఠాల తర్వాత కనిపించినప్పుడు వాటిని తీసేస్తుంది. చివరివరకూ అన్నీ ఇచ్చేది బద్ధకం నేర్పుతుంది, మొదట్లోనే తీసేసేది ఊహించడం నేర్పుతుంది.

పాఠం పక్కన ఉచ్చారణను మరో లిపిలో రాసి ఇచ్చే పుస్తకాలను నేను ఎవరికీ సిఫారసు చేయను. తెలుగు లిపిలో రాసుకున్నా నష్టమే. సీన్‌తో మొదలయ్యే సైఫ్ కత్తి, సాద్‌తో మొదలయ్యే సైఫ్ వేసవి. తేలికపాటి తకారంతో తీన్ అంటే అంజూరాలు, బరువైన తకారంతో తీన్ అంటే బంకమట్టి. మన లిపిలో రెండేసి పదాలు ఒక్కటైపోతాయి. ఆ బరువైన తకారాన్ని టకారంగా పలికితే సరిపోతుందని కొందరు అనుకుంటారు, అదీ సరికాదు, ఎందుకంటే అక్కడ నాలుక కొన మడత పడదు, నాలుక వెనుకభాగం గొంతువైపు జరుగుతుంది. ఈ సమీక్షలో నేను తెలుగులో రాసిన పదాలకూ ఈ పరిమితి ఉంది.

నిఘంటువు విషయానికి వస్తే, జర్మన్ పండితుడు హాన్స్ వెర్ కూర్చినది ఇప్పటికీ నా బల్ల మీద ఉంటుంది. 1952లో జర్మన్‌లోనూ, 1961లో ఇంగ్లీషులోనూ వెలువడిన ఈ నిఘంటువు పదాలను ధాతువు కింద, అంటే పదానికి మూలమైన కొద్దిపాటి హల్లుల కింద అమరుస్తుంది. ఉపాధ్యాయుడు అనే అర్థంలో ముఅల్లిమ్ మీమ్‌తో మొదలైనా, బోధన అనే తఅలీమ్ తాతో మొదలైనా, విచారణ అనే ఇస్తిఅలామ్ అలిఫ్‌తో మొదలైనా, అన్నీ ఐన్, లామ్, మీమ్ కిందే దొరుకుతాయి. ఒక్క పదం కోసం తెరిచినవారికి ఆ కుటుంబమంతా కనబడుతుంది, పదసంపద పెరగడానికి ఇంతకన్నా మంచి మార్గం నాకు తెలియదు. కానీ ఒకే ధాతువు నుంచి నిర్ణీత నమూనాలలో పుట్టే క్రియారూపాలను అది రోమన్ అంకెలతో మాత్రమే సూచిస్తుంది. పై ఇస్తిఅలామ్ పదో రూపానికి చెందినదని గుర్తుపట్టలేని దశలో ఆ పుటలు తెరిచినా దారి దొరకదు. క్రియారూపాలు పదీ పరిచయమయ్యేవరకు దాన్ని కొనకుండా ఆగవచ్చు, అంతవరకు వాచకం చివర ఇచ్చే పదపట్టిక సరిపోతుంది.