ఎస్పీ రోడ్డులో కంట్రోలర్ రిపేరు: హాల్ స్టిక్కే వేయించండి

బెంగళూరులోని ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో పీఎస్ 5 గేమ్ కంట్రోలర్‌ని డ్రిఫ్ట్ (బొటనవేలితో తిప్పే స్టిక్ ముట్టుకోకుండానే కదిలినట్టు ఆటకి అనిపించడం) రిపేరుకి ఇచ్చే ముందు ఒక్క మాట అడగండి: "అన్నా, వేసేది మామూలు స్టిక్కా, హాల్ సెన్సర్ స్టిక్కా?" మామూలుదాంట్లో కార్బన్ పట్టీ మీద లోహపు కొస రాసుకుంటూ తిరుగుతుంది. పట్టీ అరిగిందా, వేలు పెట్టకుండానే ఆటలో మనిషి నడిచేస్తాడు. హాల్ స్టిక్‌లో కదలికని అయస్కాంతంతో పసిగడతారు, ఆ రాపిడే లేదు. రేటు ఎక్కువైనా నా ఓటు దానికే.

స్టిక్‌ని బోర్డుకి సోల్డర్‌తో (కరిగించి అతికే లోహంతో) అతికించిన కాళ్లు 14. కంపెనీ వేసిన సీసం లేని సోల్డర్ మొండిది. కొత్త సోల్డర్ కలిపి కరిగించకుండా లాగితే బోర్డు మీది రాగి ఊడొచ్చే ప్రమాదం ఉంది, అప్పుడు కంట్రోలర్‌ని బాగుచేయడం ఇంకా కష్టం. అందుకే ఎదురుగా విప్పి చేసే కొట్టుకే ఇవ్వండి.

మార్చాక కాలిబ్రేషన్ (స్టిక్ మధ్య స్థానం ఏదో కంట్రోలర్‌కి మళ్లీ చెప్పడం) తప్పనిసరి. స్టిక్ వదిలితే టెస్ట్ స్క్రీన్ మీద చుక్క సరిగ్గా మధ్యకి రావాలి. అది చూశాకే డబ్బులివ్వండి.