గాల్వెస్టన్ క్రూజ్: ఆఖరి రోజు సముద్రం మీద ఎలా గడుస్తుంది?

డాలస్‌లో ఉండే మాలాంటి కుటుంబాలకి క్రూజ్ అంటే ముందు గుర్తొచ్చేది టెక్సస్ తీరంలోని రేవు పట్టణం గాల్వెస్టన్. కారులో ఐదు గంటలు, విమానం ఖర్చు ఉండదు, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లని వెంట తీసుకెళ్లడం తేలిక. కొన్నేళ్లుగా పిల్లలతో, అత్తయ్యా మామయ్యలతో ఇక్కడి నుంచే వెళ్తున్నాం. మెక్సికో దీవి కోజుమెల్ బీచ్ గురించి, హోండురస్ దీవి రోటాన్ గురించి అందరూ రాస్తూనే ఉన్నారు. నేను ఆఖరి రోజు గురించి రాస్తాను. కట్టిన డబ్బుకి పూర్తి విలువ దక్కేది ఆ రోజేనని నా అభిప్రాయం.

కోజుమెల్ నుంచి గాల్వెస్టన్‌కి దాదాపు 700 నాటికల్ మైళ్లు. 20 నాట్ల వేగంతో, అంటే గంటకి 20 నాటికల్ మైళ్లు వెళ్లినా 35 గంటలు పడుతుంది. సాయంత్రం బయల్దేరిన ఓడ ఆ రాత్రి, మర్నాడు పగలంతా, మళ్లీ రాత్రంతా నడిస్తేగానీ రేవు చేరదు. అందుకే కోజుమెల్ ఆఖరి మజిలీగా ఉన్న ట్రిప్పుల్లో చివరి రోజంతా సముద్రం మీదే. మయామీ నుంచి బహామాస్ వెళ్లే మూడు రాత్రుల ట్రిప్పుల్లో చాలావాటికి ఈ సదుపాయం లేదు. ఆఖరి రోజు కూడా ఏదో ఒక దీవిలో ఎండలో తిరిగి, అలసిపోయి వచ్చి సూట్‌కేసులు సర్దుకోవాలి.

రేవుల్లో దిగిన రోజుల్లో మేం ఎప్పుడూ తలోదారే. మా ఆయన, పిల్లలు స్నార్కెలింగ్‌కి పోతే మోకాళ్ల నొప్పులున్న అత్తయ్య ఓడలోనే ఉండిపోతారు, ఆవిడకి తోడుగా ఎవరో ఒకరు. చివరి రోజు ఎవరూ ఎక్కడికీ వెళ్లేది లేదు. టిఫిన్ దగ్గర్నుంచి రాత్రి భోజనం వరకు అందరం ఒకే టేబుల్ దగ్గర కూర్చునేది ఆ ఒక్క రోజే. ఇంట్లో కూడా మాకు అది కుదరదు.

ఈత కొలను దగ్గర మాత్రం ప్రశాంతత ఆశించకండి. ఓడలో ఉన్న జనమంతా ఆ రోజు అక్కడే ఉంటారు. పొద్దున్న ఎనిమిదింటికే కుర్చీల మీద తువాళ్లు పరిచి వెళ్లిపోయేవాళ్లని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. పెద్దవాళ్లతో వెళ్తే కింది డెక్ మీద ఓడ చుట్టూ ఉండే నడకదారిలో నీడ పట్టు చూసుకోండి. అలల చప్పుడు తప్ప మరేం వినిపించదు. మామయ్య విశాఖ పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన రెయిలింగ్ దగ్గర నిలబడితే పిల్లలు పక్క నుంచి కదలరు. ఓడ కోసుకుంటూ వెళ్తుంటే నీళ్లలోంచి ఎగిరే చేపలు గుంపుగా లేచి గాల్లో జారుకుంటూ పోతాయి. వాటి కోసం సముద్రపక్షులు ఓడ వెంటే తిరుగుతాయి. చీకటి పడ్డాక అదృష్టముంటే దూరంగా చమురు ప్లాట్‌ఫారాల దీపాలు కనిపిస్తాయి. "తాతయ్యా, అది ఊరా?" అని మా చిన్నది అడిగితే, సముద్రం అడుగు నుంచి నూనె ఎలా తోడతారో ఆయన అరగంట సేపు చెప్పారు.

శాకాహారులకి ఒక మాట. మేం వెళ్లిన ఓడల్లో పప్పు, పనీర్ కూర లాంటివి ముందురోజు రాత్రి భోజనం దగ్గర హెడ్ వెయిటర్‌కి చెబితే చేసిపెట్టారు. ఆఖరి రాత్రికి కావాల్సింది కోజుమెల్ రాత్రే చెప్పేయాలి. వంటవాళ్లలో, వడ్డించేవాళ్లలో గోవా, ముంబయి వాళ్లు చాలామంది కనిపిస్తారు. వెళ్లే ముందు వాళ్ల పేరు రాసి నాలుగు మంచి మాటలు ఓడవాళ్ల అభిప్రాయాల ఫారంలో పెట్టండి. అది వాళ్లకి ఉపయోగపడుతుంది.

ఇక టెన్షన్ అంతా సామాన్లతోనే. పెద్ద సూట్‌కేసులకి ట్యాగులు కట్టి రాత్రి పదీ పదకొండు లోపు గది బయట పెట్టేయమంటారు. మళ్లీ అవి చేతికొచ్చేది మర్నాడు టెర్మినల్లోనే. కాబట్టి పాస్‌పోర్టులు, మందులు, మర్నాటి బట్టలు, చెప్పులు, ఫోన్ ఛార్జర్ చేతి సంచిలో ఉండాలి. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఐ-797 (హెచ్1బీ ఆమోదం తెలిపే) కాగితం కూడా దగ్గరే పెట్టుకోండి. ఒకసారి మా పక్క గదిలో ఒక తెలుగు కుటుంబం వాళ్ల అమ్మగారి బీపీ మాత్రలు సూట్‌కేసులో వెళ్లిపోయి రాత్రంతా కంగారు పడ్డారు. మేం మధ్యాహ్నం భోజనం అవగానే సర్దడం మొదలుపెడతాం. మూడింటికల్లా పని ముగుస్తుంది, తర్వాత రోజంతా మనదే. పిల్లల తడి ఈతబట్టలకి ఒక ప్లాస్టిక్ కవర్ విడిగా ఉంచుకుంటే చాలు. సామాను మీరే మోసుకుని దిగే పద్ధతి కూడా ఉంటుంది. త్వరగా బయటపడొచ్చు గానీ పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే నేను దాని జోలికి వెళ్లను.

బిల్లు మధ్యాహ్నమే యాప్‌లో చూసుకోండి. ఒక ట్రిప్పులో మేం తాగని కూల్‌డ్రింక్స్ మా ఖాతాలో పడ్డాయి. పగలు చూశాం కాబట్టి ఐదు నిమిషాల్లో తీసేశారు. అదే రాత్రి తొమ్మిది దాటితే కౌంటర్ దగ్గర క్యూ మెట్ల దాకా ఉంటుంది. రేవుల్లో కొన్న మద్యం సీసాలు ఓడవాళ్లు దాచి ఆఖర్లో ఇస్తారు. గాల్వెస్టన్‌లో దిగాక వాటి మీద టెక్సస్ రాష్ట్రం పన్ను విడిగా కట్టాలి. బఫేలోంచి యాపిల్, అరటిపండు సంచిలో వేసుకుని దిగకండి, కస్టమ్స్‌లో ఆపుతారు.

నవంబరు నుంచి మార్చి వరకు ఉత్తరపు గాలులు వీచినప్పుడు గల్ఫ్ ఆఫ్ మెక్సికో బాగా కదులుతుంది. ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో గది తీసుకుంటే ఊగడం తక్కువ. అత్తయ్యకి కడుపులో తిప్పడం మొదలవకముందే మాత్ర వేయిస్తాం. మొదలయ్యాక వేస్తే అంతగా పనిచేయదు. చలికాలంలో గాల్వెస్టన్ దగ్గర పొగమంచు ఇంకో సమస్య. మంచు దట్టంగా ఉంటే ఓడలు వచ్చిపోయే దారి మూసేస్తారు, విడిచేదాకా ఓడ బయటే ఆగాలి. ఒక్కోసారి అది గంటల్లో ఉంటుంది. జనవరి, ఫిబ్రవరిలో వెళ్తూ హ్యూస్టన్ నుంచి విమానం ఎక్కాల్సినవాళ్లు దిగిన రోజు ఉదయం టికెట్ తీసుకోకండి. సాయంత్రం తర్వాతదే చూసుకోండి, వీలైతే మర్నాటిది.