మ్యాచింగ్ సెంటర్‌లో ఎల్‌ఈడీ లైట్లు: ఏళ్ల తరబడి వాడాక నా మాట

గుంటూరు బ్రాడీపేటలో మాది చీరలకు జాకెట్టు ముక్కలు, లైనింగు, ఫాల్స్ అమ్మే కొట్టు. రంగు మీద బతికే వ్యాపారం. చోకు ట్యూబ్‌లైట్లు పీకేసి ఎల్‌ఈడీలు పెట్టించి చాలా ఏళ్లయింది. బట్టల కొట్టు, టైలరింగ్ షాపు, బ్యూటీ పార్లర్ నడిపేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

కరెంటు విషయంలో వంక పెట్టడానికేమీ లేదు. పాత ట్యూబ్‌లైటు చోకుతో కలిపి 50 వాట్ల దాకా లాగేది. దాని చోట పెట్టిన ఎల్‌ఈడీ బ్యాటెన్ 20 వాట్లే. పది లైట్లు రోజుకి 12 గంటలు వెలిగే కొట్టుకి నెలకి 100 యూనిట్ల పైనే మిగులుతాయి, లెక్క వేసుకోండి. సాయంత్రం లో వోల్టేజీలో స్టార్టర్ తిప్పుతూ నిలబడే బాధ కూడా పోయింది. రాకుల్లో మడత అంచులు వెలిసిపోవడం కూడా తగ్గింది. ఎల్‌ఈడీ వెలుగులో అతినీలలోహిత కిరణాలు దాదాపు ఉండవు మరి. వీధి ఎండ తగిలే ముందు రాకులో మాత్రం ఇప్పటికీ వెలుస్తూనే ఉంది.

ఇక రంగు. ఎల్‌ఈడీలు పెట్టాక కొన్నాళ్లకే ఒక సంగతి గమనించాను. రామా గ్రీన్, ఆనంద బ్లూ, చిలకపచ్చ అడిగినవాళ్లు కౌంటర్ దగ్గరే ముక్క ఖాయం చేసుకుని వెళ్లిపోతున్నారు. మెరూన్, వంకాయ రంగు, మిరపపండు ఎరుపు అడిగినవాళ్లు మాత్రం చీర, ముక్క రెండూ పట్టుకుని గుమ్మం బయటికి నడుస్తున్నారు. లోపల అచ్చు గుద్దినట్టున్న రెండు మెరూన్లు ఎండలో చూస్తే ఒకటి గోధుమ వైపు, ఒకటి ఊదా వైపు తేలుతున్నాయి. రాత్రి కొన్న ముక్క పొద్దున్నే వెనక్కి వచ్చిందంటే అది దాదాపు ఎరుపు జాతి రంగే.

కారణం ఆ లైటు పుట్టుకలోనే ఉంది. ఎరుపు ఎల్‌ఈడీ 1962లోనే వచ్చింది, నిక్ హోలోన్యాక్ చేశారు. నీలం కోసం మరో ముప్పై ఏళ్లు పట్టింది. గాలియం నైట్రైడ్ స్ఫటికాన్ని సరిగ్గా పెంచడం అంత కష్టమైంది. జపాన్‌లోని నగోయాలో అకసాకి, అమానో 1986లో ముందు అల్యూమినియం నైట్రైడ్ పల్చటి పొర వేసి, దాని మీద మంచి స్ఫటికం పెంచారు. నిచియా కంపెనీలో పనిచేసిన నకమురా 1993లో బాగా వెలిగే నీలం ఎల్‌ఈడీని తెచ్చారు. ఈ ముగ్గురికీ 2014లో భౌతికశాస్త్ర నోబెల్ ఇచ్చారు. మా జిల్లాలో పాత 60 వాట్ల బల్బు ఇస్తే పది రూపాయలకి 7 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఇచ్చిన రోజులు కూడా అవే. వాళ్ల పని మీద నాకు చాలా గౌరవం. మా కొట్టులో వెలుగంతా ఆ నీలం చిప్ పెట్టిన భిక్షే.

మనం కొనే తెల్ల లైటులో ఉండేది ఆ నీలం చిప్పే. దాని మీద పసుపు పచ్చగా వెలిగే ఫాస్ఫర్ పొడి పూస్తారు. నీలం, పసుపు కలిసి కంటికి తెల్లగా కనిపిస్తాయి. ఆ తెలుపులో ముదురు ఎరుపు పాలు చాలా తక్కువ. లైటులో లేని ఎరుపుని బట్ట ఎక్కణ్ణుంచి తెచ్చి చూపిస్తుంది? ఎరుపు ఫాస్ఫర్ కూడా కలిపితే ఈ లోటు తీరుతుంది. అవి కొంచెం ఖరీదు, అదే వాట్లకి వెలుగూ కాస్త తగ్గుతుంది.

రంగు ఎంత నిజంగా కనిపిస్తుందో చెప్పే కొలతని సీఆర్‌ఐ అంటారు, నిండు మార్కులు 100. మామూలు బ్యాటెన్లకి 80 దాకా ఉంటుంది. 80 అంటే ఫస్ట్ క్లాసు అనిపిస్తుంది గానీ, ఆ అంకె ఎనిమిది లేత రంగుల సగటు. ముదురు ఎరుపుని ఆర్9 అని విడిగా కొలుస్తారు, అది ఆ సగటులోకి రాదు. సీఆర్‌ఐ 80 ఉన్న లైటుకి ఆర్9 సున్నా దగ్గర ఉండొచ్చు. పెళ్లిళ్ల సీజన్‌లో మా అమ్మకాల్లో పెద్ద వాటా ఎరుపుదే, అందుకే నాకు ఈ అంకె ప్రాణం.

చివరికి కౌంటర్ బల్ల మీద మాత్రం సీఆర్‌ఐ 90 దాటిన 4000 కెల్విన్ లైట్లు పెట్టించాను. కెల్విన్ అంటే తెలుపు ఛాయని చెప్పే కొలత, అంకె పెరిగేకొద్దీ తెలుపు నీలి వైపు పోతుంది. రాకులకి పాత 6500 కెల్విన్ బ్యాటెన్లే ఉంచాను, అక్కడ వెలుగుంటే చాలు. బల్ల దగ్గర గంధం రంగు గంధంలాగే ఉంది, మెరూన్లు విడివిడిగా తెలుస్తున్నాయి. వాపసులు బాగా తగ్గాయి. పెట్టిన డబ్బుకి పూర్తి న్యాయం చేసినవి ఇవే.

మన్నిక సంగతి. పెట్టె మీద 25,000 గంటలు అని ఉంటుంది. గుంటూరు మే నెలలో, రేకుల కప్పు కింద ఆ లెక్క నిలవదు. ఎల్‌ఈడీ వేడి వెలుగుతో పాటు ముందుకి రాదు, వెనక ప్లేటు గుండానే పోవాలి. మా వెనక గోదాములో గాలాడని మూతలో బిగించినవి త్వరగా పోయాయి, కొట్టులో తెరిచి ఉన్నవి ఇంకా వెలుగుతున్నాయి. పోయినవి విప్పితే కొన్నిట్లో ఒకే ఒక్క ఎల్‌ఈడీ మీద నల్ల చుక్క ఉంది. అన్నీ వరసగా కలిపి ఉంటాయి గనక ఒకటి తెగితే మొత్తం ఆరిపోతుంది. మిగతావాటిలో, ఎల్‌ఈడీకి తగ్గట్టు కరెంటుని మార్చిచ్చే డ్రైవర్‌లో కెపాసిటర్ ఉబ్బింది. కాబట్టి బరువు చూసి కొనండి. వెనక అల్యూమినియం మందంగా ఉన్నది నిలుస్తుంది.

ఇంకొకటి, వీడియో కాల్. అమెరికాలో ఉన్న అమ్మాయికి చీర చూపిస్తూ ముక్క ఎంచుకునే అమ్మలు మాకు ఎక్కువ. చవక లైట్ల కింద ఫోన్ తెర మీద నల్ల చారలు పరిగెడతాయి. ఆ లైటు కంటికి తెలియకుండా సెకనుకి 100 సార్లు మినుకుతోందన్నమాట. దుకాణంలోనే ఫోన్ కెమెరా పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

విజయవాడ వస్త్రలతకి సరుక్కి వెళ్లినప్పుడల్లా వన్‌టౌన్ ఎలక్ట్రికల్ కొట్ల మీదుగా వస్తుంటాను. వాట్లు పెద్దక్షరాల్లో ఉంటాయి, సీఆర్‌ఐ ఉంటే ఒక మూల ఉంటుంది, ఆర్9 రాసిన పెట్టె నాకింతవరకు కనబడలేదు. గట్టిగా అడిగితే డీలరు కంపెనీ డేటాషీటు వాట్సాప్‌లో తెప్పిస్తాడు, అందులో ఉంటుంది. ఆర్9 కనీసం 50 ఉంటేనే బల్ల మీదకి తీసుకోండి. వెళ్లేటప్పుడు దగ్గరదగ్గరగా ఉండే రెండు మెరూన్ ముక్కలు సంచిలో వేసుకెళ్లండి. లైటు కింద చూసి, గుమ్మం దగ్గరికెళ్లి మళ్లీ చూసి, ఆ ముక్కల రంగులు లోపలా బయటా మారకుండా కనిపిస్తేనే డబ్బులివ్వండి.