ప్లేనోలో 1972 నాటి ఇంటికి డ్రైన్ టెస్ట్: పని బాగుంది, రిపోర్టు అంతంతే

కొనడానికి మాకు నచ్చిన ఇల్లు టెక్సస్‌లో డల్లాస్ పక్కనున్న ప్లేనోలో ఉంది, 1972లో కట్టింది. పెరట్లో పెద్ద పెకాన్ చెట్టు, ధర కూడా కొత్త ఇళ్లంత మండిపోవడం లేదు. మా ఆవిడ అప్పుడే వంటింటికి రంగులు చూడటం మొదలుపెట్టింది. నా టెన్షనంతా నేల కింద గురించే. డల్లాస్ చుట్టుపక్కల చాలా ఇళ్లకు కాంక్రీటు స్లాబే పునాది, డ్రైన్ పైపులు దాని కింద మట్టిలో ఉంటాయి. ఆ కాలం ఇళ్లలో అవి ఎక్కువగా పోత ఇనుపవి. పైగా ఇక్కడిదీ మన నల్లరేగడి లాంటి మట్టే. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, దాంతోపాటు స్లాబునీ పైపుల్నీ కదిలిస్తుంది.

కొనేముందు ఇల్లు చూసే మామూలు ఇన్‌స్పెక్టర్ కుళాయిలు తిప్పి, ఫ్లష్ నొక్కి, డ్రైనేజీ బాగానే ఉందని రాసేశాడు. స్లాబు కింద చూడటం అతని పని కాదులెండి. అందుకే ఒక ప్లంబింగ్ కంపెనీతో పైపుల్లోకి కెమెరా పంపి చూడటం, హైడ్రోస్టాటిక్ టెస్ట్ (డ్రైన్ పైపుల్లో నీళ్లు నింపి లీకు చూసేది) విడిగా చేయించాం. బిల్లు ఐదొందల డాలర్లు దాటింది.

వచ్చిన మనిషి పనిమంతుడు. కమోడ్ ఊడదీసి పక్కన పెట్టాడు. బయట క్లీనవుట్‌లోంచి, అంటే డ్రైను శుభ్రం చేయడానికి వదిలిన మూత పైపులోంచి, రబ్బరు బంతి దింపి, గాలి కొట్టి, మెయిన్ లైను మూసేశాడు. తర్వాత నేల మట్టం దాకా నీళ్లు నింపి, కమోడ్ కూర్చునే చోట పెన్సిల్‌తో గీత పెట్టాడు. నీళ్లు అక్కడే నిలబడితే కింద లీకు లేనట్టు. మేం చూస్తుండగానే గీత కిందికి దిగిపోయాయి. కెమెరా పంపితే పైపు అడుగంతా తుప్పుపట్టి పొరలు లేచి కనిపించింది. వంటింటి వైపు ఒకచోట పైపు కుంగి నీళ్లు నిలిచాయి, కెమెరా అందులో మునిగి తెరంతా బురదే.

ఇంతవరకూ ఐదు నక్షత్రాలు. అక్కడికక్కడే ఇంటి కింద సొరంగం తవ్వి పైపులు మార్చడానికి ఎస్టిమేట్ చేతిలో పెట్టడం మాత్రం నచ్చలేదు. టెస్ట్ చేసినవాడే రిపేరు కూడా అమ్ముతుంటే ఎలా నమ్మేది? అదే వీడియో ఇంకో ప్లంబర్‌కి చూపిస్తే అంకె బాగా దిగింది. రిపోర్టు కూడా ఒక్క పేజీ, ‘లీక్ ఉంది’ అన్నంతే. ఏ బాత్రూం లైనో తేల్చాలంటే మళ్లీ డబ్బులు కట్టాలట. రెండు నక్షత్రాలు కోసేశాను.

అయినా ఆ పేజీ, వీడియో ముందు పెడితేనే అమ్మేవాళ్లు ధర తగ్గించారు. ఆప్షన్ పీరియడ్ (కొనేవాళ్లు ఒప్పందం వదులుకునే వీలున్న గడువు) అప్పటికింకా నడుస్తోంది కాబట్టి బేరం కుదిరింది. టెక్సస్‌లో ఈ టెస్టుకి అమ్మేవాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, ఆ కాగితం సంగతి మీ ఏజెంటుకి మొదటిరోజే చెప్పండి. వీడియో ఫైలు మాత్రం అడిగి తీసుకోండి, ఈ ప్లంబింగ్ కంపెనీవాళ్లు అడగందే పంపరు.