నర్సింగ్ క్లాసులో పబ్‌మెడ్: ఉచితమే, కానీ దగ్గరుండి నేర్పాలి

ఎవిడెన్స్ బేస్డ్ ప్రాక్టీస్ (పరిశోధనల ఆధారంగా పేషెంట్‌ను చూసుకునే పద్ధతి) నేర్పడానికి కాలేజీ ముందుగా ఏమీ కొనక్కర్లేదు. అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ 1996లో మొదలుపెట్టిన పబ్‌మెడ్‌కు, అంటే వైద్య పరిశోధన పేపర్లు వెతికే వెబ్‌సైట్‌కు, డబ్బూ కట్టక్కర్లేదు, లాగిన్ కూడా అక్కర్లేదు. బీఎస్సీ క్లాసుకు ఇది సరిపోతుందా అంటే, సరిపోతుంది. చిక్కంతా వెతకడంలోనే.

విద్యార్థులకు వార్డులో రోజూ ఎదురయ్యే ప్రశ్న ఇవ్వండి: ఐవీ క్యాన్యులాను (సెలైన్, మందులు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టాన్ని) 72–96 గంటలకోసారి రొటీన్‌గా మార్చాలా, వాపో నొప్పో కనిపించాక మారిస్తే సరిపోతుందా? ఫ్లెబైటిస్‌లో (నరం వాచడంలో) తేడా ఉంటుందా? దీన్ని పీకో పద్ధతిలో నాలుగు ముక్కలుగా (పేషెంట్ ఎవరు, చేసేదేమిటి, దేనితో పోలిక, ఫలితమేమిటి) రాయించాకే ఫోన్ తియ్యనివ్వాలి. లేదంటే ప్రశ్న మొత్తం ఒకే వాక్యంగా కొట్టేస్తారు. ఇంకొందరు వార్డులో అలవాటైన 'వెన్‌ఫ్లాన్' అని కొడతారు. అది బ్రాండ్ పేరు కాబట్టి వచ్చేవి బహు కొద్ది. మెష్ డేటాబేస్‌లోకి (పబ్‌మెడ్ వాడే ప్రామాణిక వైద్య పదాల జాబితాలోకి) వెళ్లి 'క్యాథెటరైజేషన్, పెరిఫెరల్', 'ఫ్లెబైటిస్' అనే పదాలు పట్టుకుని, మధ్యలో 'యాండ్' (AND) ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో పెట్టించండి. తర్వాత సిస్టమాటిక్ రివ్యూ (ఒకే ప్రశ్న మీద వచ్చిన పరిశోధనలన్నీ వెతికి, కలిపి చూసే పేపర్) ఫిల్టర్ నొక్కిస్తే, అలాంటి రివ్యూలు చేసే కాక్రేన్ సంస్థ రివ్యూ చేతికందుతుంది. దాని 2019 వెర్షన్‌లో 9 ట్రయల్స్, 7,412 మంది పేషెంట్లు. ఫ్లెబైటిస్‌లో స్పష్టమైన తేడా లేదన్నది ఫలితం.

విద్యార్థులు అక్కడితో ఆగి, 'మార్చక్కర్లేదు' అని అసైన్‌మెంట్‌లో రాసేస్తారు. ఆ రివ్యూ అబ్‌స్ట్రాక్ట్ (సారాంశం) చివర్లోనే ఇంకో మాట ఉంది: షిఫ్ట్ మారిన ప్రతిసారీ క్యాన్యులా పెట్టిన చోటు చూడాలి, వాపు, ఇన్‌ఫిల్ట్రేషన్ (మందు నరం బయటికి కారడం), బ్లాక్ లాంటివి కనిపించినా, క్యాన్యులాతో ఇక పని లేకపోయినా తీసేయాలి. పేషెంట్లు కిక్కిరిసి, డ్యూటీలో ఒక్క నర్సే ఉన్న వార్డులో అలా చూడటం కుదురుతుందా? క్లాసులో అసలు చర్చ జరగాల్సింది దీని మీదే. పబ్‌మెడ్ పేపర్ చూపిస్తుంది తప్ప మంచిచెడ్డలు తేల్చిపెట్టదు. ఫిల్టర్‌లో వచ్చిందంటే నాణ్యమైనదే అన్న భ్రమ మొదటి రోజే వదిలించాలి.

విసిగించేవీ ఉన్నాయి. ఒకసారి పెట్టిన ఫిల్టర్ తీసేదాకా పోదు. తర్వాతి సెర్చ్‌లో ఫలితాలు ఎందుకు తగ్గాయో అర్థం కాక తలపట్టుకుంటారు. పదాలను కోట్స్‌లో పెడితే మెష్‌తో జతకట్టే ఏర్పాటు ఆగిపోతుంది. 'ఫ్రీ ఫుల్ టెక్స్ట్' నొక్కితే డబ్బు కట్టి చదవాల్సిన ముఖ్యమైన ట్రయల్స్ కంటికి కనపడవు, అందుకే దాన్ని ఆఖర్న వాడించడం మేలు. మన దేశపు నర్సింగ్ జర్నల్స్ చాలా ఇందులో లేవు. పేషెంట్ల అనుభవాల మీద క్వాలిటేటివ్ స్టడీలు (అంకెలు కాక మాటల్లో వివరించేవి) కావాలంటే నర్సింగ్ పేపర్ల డేటాబేస్ సినాల్ మెరుగు, కానీ దానికి చందా కట్టాలి.

మార్కులు సమాధానానికి కాక సెర్చ్ హిస్టరీకి వేయండి. పబ్‌మెడ్ అడ్వాన్స్‌డ్ పేజీలో ఎవరు ఏం కొట్టారో, ఎన్ని వచ్చాయో వరసగా ఉంటుంది. దాని స్క్రీన్‌షాట్ అడిగితే కాపీ కొట్టినవాళ్లు ఇట్టే దొరికిపోతారు.